రంగులీను రాయి: గుర్తించు విధము

పొలము దున్నునపుడో, బావి త్రవ్వునపుడో ఒక రాయి బయటపడును. ఎండలో త్రిప్పి చూచినకొలది దానిపై నీలము, ఊదా, ఆకుపచ్చ, బంగారు వన్నెలు మారుచుండును. సాయంకాలమునకు వార్త ఊరంతయు ప్రాకును. కొందరు బంగారమందురు, కొందరు రాగియందురు. మూడవనాడు పట్టణమునుండి ఒక దళారి వచ్చి, ఆ చేనికి బయానా ఇచ్చెదనని బేరము మొదలిడును. అట్టి వేళ రైతు సలహాకు వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. కనుక అట్టి రాతిని పరీక్షించు విధమును సభ్యులు తెలిసికొనియుండుట మేలు.

పెద్దవూర నేల

నల్లగొండ జిల్లా పెద్దవూర ప్రాంతమున ఇట్టి ప్రశ్న పుట్టుట వింత కాదు. ఇచ్చటి నేలలో అధికభాగము గ్రానైటు జాతి రాయి. దానిని చీల్చుకొని నల్లని డోలరైటు రాయి అక్కడక్కడ గోడవలె సాగియుండును. వీనికి తోడు భూవిజ్ఞానులు పెద్దవూర పేరిటనే వ్యవహరించు షిస్టు శిలల పట్టీ యొకటి కలదు. 250 కోట్ల సంవత్సరములకు పూర్వపు లావాలు మార్పుచెందగా ఏర్పడిన శిలలిందు కలవు. రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గని, 2001లో మూతపడిన కోలారు గనులు ఇట్టి జాతి పట్టీలలోనివే. అంతమాత్రమున ప్రతి పట్టీయందును గనికి చాలినంత లోహము ఉండునని తలపరాదు.

వన్నెలు ఎచ్చటివి?

వానకాలమున రోడ్డు మీది నీటిగుంటలో చమురుచుక్క పడినచో ఇంద్రధనుస్సు వన్నెలు కనిపించును. చమురునకు ఆ రంగులు లేవు. మిక్కిలి పలుచని పొర యొక్క పైతలమునుండియు, అడుగుతలమునుండియు మరలిన వెలుతురు కలిసికొనునపుడు ఆ రంగులు పుట్టును. రాతి విషయము కూడ చాలవరకు అంతియే. గాలి, తేమ సోకిన ఖనిజముపై పలుచని పొర ఏర్పడి వన్నెలీనును. అనగా రంగు పైపొరది, లోపలి లోహముది కాదు. అందుచే రంగును చూచి పేరు చెప్పుట పొరపాటు.

నాలుగు పరీక్షలు

మొదటిది, విరిచి చూచుట. కంటికి అద్దములు పెట్టుకొని, రాతిని గుడ్డలో చుట్టి, చిన్న ముక్క కొట్టవలెను. క్రొత్తగా విరిగిన చోట ఇత్తడి పసుపు కనిపించినచో చాల్కోపైరైటు గాని పైరైటు గాని కావచ్చును. ఎర్రని రాగి గోధుమవన్నె యున్నచో బోర్నైటు కావచ్చును. గనులవారు నెమలి ఖనిజమని పిలుచునది దీనినే. గోరుతో రేకులుగా ఊడివచ్చినచో అది అభ్రకము. లోపల బుడగల గుంటలు, గాజువంటి మెరుపు ఉన్నచో అది పూర్వకాలపు ఇనుపకొలుముల చిట్టెము కావచ్చును. ఇనుము కరగించిన పాతతావులు తెలంగాణమున పలుచోట్ల కలవు.

రెండవది, గీటు. కంసాలి గీటురాయిపై బంగారమును గీచినట్లు, గోడలకు అంటించు తెల్ల టైలు వెనుక, నునుపులేని వైపున రాతిని గీయవలెను. బంగారపు గీటు పసుపుగనే యుండును. చాల్కోపైరైటు, పైరైటుల గీటు ఆకుపచ్చ చాయగల నలుపు. బోర్నైటుది బూడిదనలుపు. తుప్పుజాతి ఇనుప ఖనిజమైన గోథైటుది పసుపుగోధుమ, హెమటైటుది ఎరుపు.

మూడవది, కాఠిన్యము. చాకుమొన చాల్కోపైరైటును, బోర్నైటును గీయగలదు. పైరైటును గీయలేదు. బంగారము సుత్తిదెబ్బకు సాగును, పైరైటు పొడియగును.

నాలుగవది, బరువు. రాతిని దారమున కట్టి, కొక్కెపు త్రాసునకు వ్రేలాడదీసి తూచవలెను. పిదప పాత్రకు తగులకుండ నీట ముంచి తూచవలెను. మొదటి తూకమును, నీట తగ్గిన తూకముతో భాగించిన సాంద్రత తెలియును. గాలిలో 210 గ్రాములు, నీటిలో 160 గ్రాములైనచో తగ్గినది 50. 210ని 50తో భాగించగా 4.2. ఇది చాల్కోపైరైటునకు సరిపోవును. పైరైటుకు 5, పలుగురాతికి 2.65, మేలిమి బంగారమునకు 19.3. ముక్కలో పలుగురాయి కలిసియున్నచో లెక్క తగ్గునని మరువరాదు.

చేయరాని పనులు

ఇట్టి రాతిని నిప్పులో వేయరాదు. గంధకము కలిసిన ఖనిజము కాలినపుడు ఊపిరి సలుపనీయని పొగ వెడలును. పాషాణము, అనగా ఆర్సెనిక్, కలిసియున్నచో ఆ పొగ ప్రాణాపాయకరము. ఆమ్లము పోయరాదు, నాలుకతో రుచి చూడరాదు.

ఈ ప్రాంతమున మరియొక జాగ్రత్త అవసరము. నాగార్జునసాగర్ సమీపమున లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములందు యురేనియము కలదని అణుఖనిజ శాఖవారు కనుగొనిరి. అచ్చట గని ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినపుడు గ్రామస్థులు తీవ్రముగ వ్యతిరేకించిరి. యురేనియపు కిరణములు కంటికి కానరావు, గీటుకు చిక్కవు. కావున పేరు తెలియని బరువైన నల్లరాతిని ఇంటిలో అలంకారముగ ఉంచుకొనరాదు, పిల్లలకు ఆటకీయరాదు.

పంచాయతీ చేయవలసినది

పై పరీక్షలు అనుమానమును తగ్గించునే గాని తుది తీర్పు కావు. రాయి దొరకిన తేదీ, సర్వే నంబరు, లోతు పుస్తకమున వ్రాయవలెను. అది నేలలోని బండనుండి విరిగినదా, విడిగా పడియున్నదా అనునది మిక్కిలి ముఖ్యము. విడిరాయి యైనచో దూరమునుండి తెచ్చి పోసిన కంకరలోనిది కావచ్చును. ముక్కను రెండుగ చేసి, ఒకటి చీటీతో సంచిలో భద్రపరచవలెను. రెండవదానిని జిల్లా గనుల, భూగర్భ శాఖ కార్యాలయమునకు గాని, 1851లో స్థాపితమైన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ హైదరాబాదు కార్యాలయమునకు గాని పంపవలెను.

పిడికెడు రాయి గని కాదు. లోహము ఎంత పాలున్నది, ఎంత లోతున, ఎంత దూరము సాగినది అను మూడును తేలిననే విలువ తెలియును. ప్రభుత్వానుమతి లేక ఖనిజము త్రవ్వుటకు 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము ఒప్పుకొనదు. కనుక జవాబు వచ్చువరకు ఆ రాతిని నమ్మి రైతు భూమి అమ్ముకొనకుండునట్లును, అప్పుచేసి గోతులు త్రవ్వకుండునట్లును సభ్యులు చూడవలెను. చివరకు అది తుప్పుపొర కప్పిన ఇనుపరాయియే యని తేలవచ్చును. అప్పుడు కూడ పరీక్ష వ్యర్థము కాదు. ఒక కుటుంబమునకు దాని చేను దక్కినట్లే.