35 గ్రాముల మూత, అర కిలో గాలి

ఎలక్ట్రిక్ మోటారుతో ఎగిరే రేడియో కంట్రోల్ విమానంలో క్యానపీ అంటే బ్యాటరీ గది తలుపు. ఎగరేసే ప్రతిసారీ దాన్ని తీయాలి, బ్యాటరీ మార్చాలి, మళ్లీ మూయాలి. చూడవచ్చినవాళ్లకి మాత్రం అది పైలట్ తలమీది అద్దం. అందుకే కాబోలు, చాలామంది దాన్ని అలంకారాల పద్దులో వేసేసి, విమానం మొత్తం అయ్యాక మిగిలిన ఓపికతో చేస్తారు. కిట్టుతో వచ్చిన ప్లాస్టిక్ డొప్పని ఉజ్జాయింపుగా కత్తిరించి, చుట్టూ టేపు వేసి, గాల్లోకి వదులుతారు. అది ఏ మలుపులోనో ఊడి తుమ్మచెట్లలో పడుతుంది. ఆ పూటంతా వెతుకులాటకే సరిపోతుంది.

టేపుని తిట్టి లాభం లేదు, లెక్క చూడండి. బెంగళూరు పక్కన మనం ఎగరేసే హొసకోటె సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి బందరులోనో విశాఖలోనో ఉన్నంత చిక్కగా ఉండదు. అయినా గంటకి 72 కిలోమీటర్ల వేగంతో పోయే మోడల్ మీద ఎదురుగాలి పెట్టే ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 21 కిలోల బరువుతో సమానం. క్యానపీ 28 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. ఆ ఉబ్బెత్తు మీదుగా పారే గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, మూతని పైకి పీలుస్తుంది. మోటారు చల్లబడాలని ముక్కు దగ్గర పెట్టిన కంతల్లోంచి దూరిన గాలి, బయటికి దారి లేకపోతే, మూతని లోపలినుంచి తోస్తుంది. ఎదురుగాలి ఒత్తిడిలో పీల్చేది సగం, తోసేది సగం అనుకుంటే రెండూ కలిపి అర కిలో దాటుతుంది. మూత బరువు చూస్తే 35 గ్రాములు. ఇకమీద చెప్పబోయే ప్రతి పనీ ఈ అర కిలోని లెక్కలో పెట్టుకుని చేసేదే.

మోడల్‌గా హెచ్‌టీ-2ని తీసుకుంటున్నాను. హొసకోటె నుంచి పాత మద్రాసు రోడ్డు మీద బయల్దేరి, కె.ఆర్.పురం దాటి మారతహళ్లి వైపు తిరిగితే, ట్రాఫిక్ దయతలిస్తే, కాసేపట్లోనే విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వస్తుంది. మన దేశంలో డిజైన్ చేసిన ఈ శిక్షణ విమానాన్ని అక్కడే వి.ఎం. ఘాటగే నాయకత్వంలో తయారుచేశారు. 1951లో తొలిసారి ఎగిరింది. రెక్కల కొస నుంచి కొసకి 10.72 మీటర్లు, ఎనిమిదో వంతుకి కుదిస్తే 134 సెంటీమీటర్లు, ఆటో వెనక సీట్లో ఇమిడే సైజు. రెక్క బాడీకి అడుగున ఉంటుంది కనుక బ్యాటరీని కిందినుంచి పెట్టలేం, పైనుంచే దించాలి. ఇద్దరు పైలట్లు ఒకరి వెనక ఒకరు కూర్చునే విమానం కాబట్టి క్యానపీ పొడవుగా, పట్టీల చట్రంతో ఉంటుంది. ఆ పట్టీలే తర్వాత మన అతుకుని దాచిపెడతాయి.

మొదట అచ్చు. దీనికి కర్ర ఎంపికలోనే సగం పని ఉంది. కిట్లు చేసేవాళ్లు బాల్సా వాడతారు గానీ, ప్లాస్టిక్ బిగుసుకునేటప్పుడు మెత్తటి కర్ర మీద నొక్కులు పడతాయి, బాల్సా పోగుల చారలు అద్దం మీదికి దిగుతాయి. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర ఇందుకు చక్కగా సరిపోతుంది. సన్నటి పోగు, నున్నగా తేలుతుంది, అంచులు విరగవు. చన్నపట్నం బొమ్మలవాళ్లు వాడేదీ ఆ చెట్టే, అక్కడ ఆలె మర అంటారు. కర్ర బాగా ఎండి ఉండాలి. పచ్చిగా ఉంటే వేడికి ఆవిరి పుట్టి ప్లాస్టిక్ కింద బుడగలు లేస్తాయి.

డ్రాయింగులోంచి పక్కచూపునీ, పైచూపునీ అట్టమీద కత్తిరించి కర్రమీద గీయండి. ముందు పక్కచూపు ప్రకారం రంపంతో కోయాలి, తర్వాత పైచూపు ప్రకారం, ఆ తర్వాతే గుండ్రం తేల్చడం. మూడు నాలుగు చోట్ల అడ్డకోత ఆకారాల అట్టముక్కలు పెట్టి సరిచూసుకుంటూ ఉంటే కుడి ఎడమలు తేడా రావు. కంటి అంచనాతో చేస్తే ఒకవైపు బుగ్గ వాచినట్టు వస్తుంది, అది గాల్లో తెలియదు గానీ ఫోటోలో తెలుస్తుంది. అచ్చుని డ్రాయింగుకంటే ఓ పిసరు, అంటే ప్లాస్టిక్ మందం 0.3 మిల్లీమీటర్లంత, చిన్నదిగా ఉంచాలి. అడుగున మాత్రం ఒకటిన్నర సెంటీమీటర్లు అదనంగా వదలాలి. ఆ అదనపు భాగం లేకుండా చేస్తే కత్తిరించడానికి చోటుండదు, అంచు దగ్గరే ముడతలు పడతాయి. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్దండి. రంగు, వార్నిష్ వేయొద్దు, వేడికి మెత్తబడి అద్దానికి అంటుకుంటాయి.

ఇప్పుడు అద్దం. వాక్యూమ్ ఫార్మింగ్ మెషిను ఉన్నవాళ్ల సంగతి వేరు. మనకి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ చాలు. ఈ పెట్ ప్లాస్టిక్ బాటిల్ పుట్టినప్పుడు టెస్ట్ ట్యూబు అంత గొట్టం. దాన్ని వేడిచేసి, సాగదీసి, గాలి ఊది బాటిల్ చేస్తారు. మళ్లీ 80 డిగ్రీల దగ్గర వేడి తగిలిందంటే ఆ సాగినతనమంతా వెనక్కి లాక్కుంటుంది, లోపల ఏది ఉంటే దాన్ని బిగించి పట్టుకుంటుంది. మూతి దగ్గరా అడుగునా సాగడం తక్కువ, కాబట్టి అక్కడ ముడుచుకోదు. పనికొచ్చేది నడుమ ఉన్న తిన్నని భాగమే, అది కూడా గీతలూ గాడులూ లేని బాటిల్ అయితేనే. నీళ్ల బాటిల్ గోడ మరీ పల్చన, వేలితో నొక్కితే సొట్టపోతుంది.

28 సెంటీమీటర్ల క్యానపీ ఒక బాటిల్ నడుములో పట్టదు. అచ్చుని ఒక పట్టీ గీత దగ్గర రెండుగా కోసి, ముందు ముక్కకి ఒక బాటిల్, వెనక ముక్కకి ఒక బాటిల్ వాడాలి. రెండు అచ్చుముక్కలకీ కోసిన చోట సెంటీమీటరు మందం చెక్క అతికించుకుంటే అక్కడా అంచు శుభ్రంగా వస్తుంది.

బాటిల్ అడుగు కోసేసి అచ్చుని లోపలికి దూర్చండి. అచ్చు అడుగుకీ బాటిల్ గోడకీ మధ్య మిగిలిన ఖాళీలో కర్రచీలికలు దిగగొట్టాలి. ఖాళీ ఎంత తగ్గిస్తే ప్లాస్టిక్ అంత తక్కువ ముడుచుకోవాలి, అద్దం అంత తేటగా వస్తుంది. చేతికి మందపాటి గ్లోవులు వేసుకుని, హీట్ గన్‌ని ఒక జానెడు దూరం నుంచి మొదలుపెట్టండి. ముందు అడుగు వైపు కాచి సడలింపు తీసేయాలి, తర్వాత పక్కలు, నడినెత్తిని చివరికి వదలాలి. గన్ ఒక్క క్షణం కూడా ఒకేచోట నిలవకూడదు. దోసె పెనం మీద నూనెగుడ్డ తిప్పినట్టు తిరుగుతూనే ఉండాలి. ఎక్కువ కాలితే ప్లాస్టిక్ తెల్లగా పాలిపోతుంది. దాన్ని ఏ పాలిషూ మళ్లీ తేటగా చేయలేదు, ఇంకో బాటిల్ తీసుకోవలసిందే. అచ్చు మూలలన్నీ కనిపించేలా బిగిసిందంటే ఆపేయండి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. వేడిమీద విప్పితే మెలి తిరుగుతుంది.

కత్తిరింపులో తొందరపడేవాళ్లే ఎక్కువ. అచ్చుమీద ఉండగానే సన్నటి మాస్కింగ్ టేపు వేసి గీత ఖాయం చేసుకోవాలి. ఆ గీతకి 3 మిల్లీమీటర్లు బయటే కత్తెర పెట్టాలి. మిగతాది గరుకు కాగితం పని. అంచులో చిన్న గాటు మిగిలినా రేపు ఎండలో అక్కడినుంచే చీలుతుంది, అందుకే 400 నంబరుతో అంచుని గుండ్రం చేయడం తప్పనిసరి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్తాను. అద్దాన్ని నేరుగా బాడీ మీద కూర్చోబెట్టాలని చూడకండి. అద్దానికి సొంత చట్రం కావాలి, ఆ చట్రం బాడీ మీదే పుట్టాలి. బాడీ మీద క్యానపీ కూర్చునే చోట వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ఫిల్మ్ పరిచి, దానిమీద 3 మిల్లీమీటర్ల బాల్సా పట్టీలని బాడీ వంపు ప్రకారం అమర్చి, మూలల్లో పల్చటి ప్లైవుడ్ ముక్కలతో అతికించండి. ఫిల్మ్ ఉంది కాబట్టి జిగురు బాడీకి పట్టదు. ఆరాక ఎత్తితే బాడీ ఒంపుసొంపులన్నీ అచ్చంగా దిగిన చట్రం చేతికొస్తుంది. ఇంకా ఎక్కడైనా సందు కనిపిస్తే, బాడీ మీద గరుకు కాగితాన్ని ముఖం పైకి పెట్టి టేపుతో అతికించి, చట్రాన్ని దానిమీద ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు లాగితే సందు పోతుంది. పల్చటి అద్దంతో ఈ పని కాదు.

అద్దాన్ని చట్రానికి అంటించేటప్పుడు సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వొద్దు. దాని ఆవిరి లోపలివైపు తెల్లటి పొగలా పేరుకుంటుంది. క్యానపీ గ్లూ పేరుతో హాబీ షాపుల్లో దొరికే తెల్ల జిగురు ఆరాక తేటగా మారుతుంది, కొంచెం సాగుతుంది కూడా. అతికే అంచుని లోపలివైపు 320తో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి, జిగురు రాసి, టేపులతో బిగించి ఒక రాత్రి వదిలేయండి.

ఇక అర కిలో సంగతి. ముందువైపు అయస్కాంతాలు పెట్టకండి. చట్రం ముందుకొసన ప్లైవుడ్ నాలుక ఒకటి ముందుకి పొడుచుకువచ్చేలా అతికించి, బాడీలో దానికి గాడి చేయాలి. నాలుక గాడిలో దూరాక ముందంచు పైకి లేవడమన్నది కుదరదు. అక్కడ లేవనివ్వకపోతే గాలికి మూత కిందికి దూరే సందే దొరకదు. వెనకవైపు 6 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు రెండు. బాడీలో అయస్కాంతం, చట్రంలో దానికెదురుగా చిన్న ఇనుప మర. రెండు అయస్కాంతాలని ఎదురెదురుగా పెడితే ధ్రువాలు తారుమారు అవుతాయని భయం. మర అయితే ఆ బెడద లేదు, పైగా స్క్రూడ్రైవరుతో తిప్పి దూరం సవరించుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. అయస్కాంతం తగిలి ఉన్నప్పుడు ఉండే పట్టు, మిల్లీమీటరు ఎడం వచ్చేసరికి సగానికి పైగా పోతుంది. స్టీలు మర కొనేటప్పుడు అయస్కాంతానికి అంటుతుందో లేదో షాపులోనే చూసుకోండి, కొన్ని స్టెయిన్‌లెస్ మరలు అంటుకోవు.

బయటినుంచి లాగే బలాన్ని ఆపలేం, లోపలినుంచి తోసేదాన్ని మాత్రం చాలావరకు తీసేయవచ్చు. ముక్కు దగ్గర గాలి దూరే కంతల వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే, బాడీ వెనక అడుగున కనీసం 6, వీలైతే 8 చదరపు సెంటీమీటర్ల దారి తెరవండి. మోటారూ స్పీడ్ కంట్రోలరూ చల్లగా ఉంటాయి, మూత మీద ఒత్తిడీ తగ్గుతుంది. ముందు కంతలు ఉదారంగా కోసి వెనక ఏమీ కోయని మోడల్స్ ఎన్నో కనిపిస్తాయి.

అలంకారం త్వరగా చెప్పేస్తాను. పట్టీల కోసం నంబరు ప్లేట్ల స్టిక్కర్ షాపులో వినైల్ ముక్క తెచ్చుకుని, 4 మిల్లీమీటర్ల వెడల్పున కోసి అతికించండి. రెండు ముక్కల అతుకు ఒక పట్టీ కిందికి వెళ్లిపోతుంది. మీటర్ల బోర్డుని కాగితం మీద ప్రింటు తీస్తే చాలు. పైలట్లకి మాత్రం కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్ర తెచ్చుకోండి, తేలిగ్గా ఉంటుంది, చెక్కుతుంటే వెన్నలా తెగుతుంది. తలా భుజాలూ చెక్కితే సరిపోతుంది. కాళ్లు చెక్కితే బ్యాటరీ ఎక్కడ పెడతారు?

అన్నీ బిగించాక సీజీ, అంటే గురుత్వ కేంద్రం, మళ్లీ చూడాలి. కిలోన్నర మోడల్‌లో సీజీకి 10 సెంటీమీటర్ల ముందు 30 గ్రాములు చేరితే అది 2 మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. బ్యాటరీని కాస్త వెనక్కి జరిపితే సర్దుకుంటుంది, సీసం ముక్కలు అక్కర్లేదు.

పరీక్ష ఇంట్లోనే మొదలవుతుంది. విమానాన్ని తలకిందులు చేసి ఊపండి. తర్వాత ఒకరు తోక గట్టిగా పట్టుకుంటే, మోటారు ఫుల్ థ్రాటిల్‌లో అర నిమిషం తిప్పండి. వెనక అంచు వణికితే మర ఒక చుట్టు తిప్పి దగ్గర చేయాలి. ఆ తర్వాతే మైదానం. డ్రోన్ రూల్స్ 2021లో వచ్చాక, నిలబడిన చోటు ఏ రంగు జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకుని కదలడం మంచిది. హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు మనకి అంత దూరమేమీ కాదు. ఊరి పెద్దచెరువులో పక్షులు దిగే కాలంలో నీటివైపు అసలు పోవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ మధ్యాహ్నం గాలి మొండిగా వీస్తుంది, తెల్లవారుజామునే ఎగరేయాలి. ఆ వేళకి హొసకోటెలో మేలుకుని ఉండేది దమ్ బిరియానీ క్యూలో నిలబడ్డవాళ్లూ, మనమూ. ఎండ ఎక్కాక బ్యాటరీ లోపల పెట్టి మూసిన విమానాన్ని బయట వదలకండి, అద్దం కింద వేడి ఊహించినదానికంటే తొందరగా పెరుగుతుంది.

అచ్చుముక్కలు రెండూ పాత గుడ్డలో చుట్టి, వాటిమీద విమానం పేరు రాసి దాచండి. ఆరు నెలలకి అద్దం గీతలు పడి మసకబారినప్పుడు రెండు బాటిళ్లూ ఒక సాయంత్రమూ చాలు, చట్రం పాతదే పనికొస్తుంది.