కాస్త తోడు ఉందా అండీ?

రా చెల్లీ, ఇలా కూర్చో. టీ పెట్టాను, అల్లం కాస్త ఎక్కువే దంచి వేశాను. ఆ ఫోన్ పక్కన పెట్టు, కాసేపటికి కొంపలేం మునిగిపోవు. ఇల్లు మారి మూడు నెలలైందా? ఎదురింటివాళ్ల పేరేమిటని అడిగితే నీళ్లు నమిలావు. నిన్నేమీ అనడం లేదులే. ఉద్యోగం కోసమో, పిల్లల చదువు కోసమో కొత్త వీధికి వచ్చిన మనందరిదీ ఇదే వరస. రోజుకు నాలుగుసార్లు బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే పార్సిల్ చేతిలో పెట్టి లిఫ్ట్ వైపు పరుగెత్తే కుర్రాడే. మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు, అయినా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పడుతుంది కదూ? నాకూ పడేది.

2012లో మేం విశాఖపట్నం వచ్చాం. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. మువ్వలవానిపాలెం అన్న పేరునే పొట్టిచేసి అలా పిలుస్తారని ఆటో అతను చెబితేగానీ నాకు తెలీదు. మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లె. అక్కడ వీధిలోకి అడుగుపెడితే చాలు, "ఎక్కడికే అమ్మాయ్?" అని అడగని గడప ఉండేది కాదు. ఆ ప్రశ్నకు ఎంత విసుక్కునేదాన్నో! ఇక్కడికొచ్చాక అలా అడిగేవాళ్లు లేకే దిగులు పట్టుకుంది.

ఓ రోజు రాత్రి పాలు కాచి చూసుకుంటే ఫ్రిజ్‌లో పెరుగు చుక్క లేదు. కిందికి దిగితే ప్యాకెట్ దొరుకుతుంది. కానీ ఎందుకో ఎదురింటి బెల్లు నొక్కాను. "కాస్త తోడు ఉందా అండీ?" అన్నాను. ఆవిడ ఇబ్బందిగా చూసింది. "దీపాలు పెట్టేశాం కదమ్మా, ఈ వేళప్పుడు పెరుగు ఇవ్వకూడదంటారు" అంది. నా ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరగబోతుంటే, "ఉండు, నీ పాలే ఇటు పట్రా. మా ఇంట్లోనే తోడేసి పొద్దున ఇస్తాను" అంది. పొద్దున్నే ఏడింటికి ఆవిడే వచ్చింది. గిన్నెలో గడ్డ పెరుగు, పైన వాళ్ల పళ్లెం మూత. నాకైతే అమ్మే వచ్చి గుమ్మంలో నిలబడినట్టు అనిపించింది.

ఇక ఆ పళ్లెం తిరిగివ్వాలి. ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా పంపకూడదని మనకు చిన్నప్పుడే నూరిపోశారాయె. ఊరి నుంచి తెచ్చిన చక్కెరకేళీలు నాలుగు పెట్టి ఇచ్చాను. రెండు రోజులకు అదే పళ్లెంలో పులిహోర వచ్చింది. ఆ పళ్లెం వాళ్లదో మాదో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

అందుకే చెబుతున్నా, నువ్వు చేయాల్సిన మొదటి పని ఏదో ఒకటి అడగడం. కొత్తచోట మనం ఏదైనా చేసిపెట్టి మంచనిపించుకోవాలని చూస్తాం, అడగాలంటే మాత్రం నామోషీ. నిజానికి మనం అడిగినప్పుడే కదా ఎదుటివాళ్లకు మన ఇంట్లో చనువు ఏర్పడేది? కరివేపాకు రెబ్బ అడుగు. పిల్లలకు జ్వరమొస్తే ఏ డాక్టరుకు చూపిస్తారో అడుగు. మంచినీళ్లు ఎన్నింటికి వదులుతారో అడుగు. తోడు అడిగితే మరీ మంచిది, కాకపోతే దీపాల వేళ కాకముందే వెళ్లు. మనకు ఆ పట్టింపు లేకపోయినా ఆవిడకు ఉండొచ్చు, ఇరుకున పెట్టడం ఎందుకు? పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడెయ్యి. వేడి మీద వేస్తే పెరుగు నీళ్లోడుతుంది, చల్లారిపోతే తోడుకోదు. చలికాలం గిన్నెకు తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన ఉంచు. ఎవరింట్లోనూ తోడు దొరకలేదనుకో, ముచ్చికతో ఉన్న పచ్చిమిరపకాయలు రెండు పాలలో వేసి చూడు. కాస్త ఆలస్యమైనా తోడుకుంటుంది.

నీ అనుమానం నాకు తెలుసు. చనువిస్తే ఇంటి గుట్టంతా అడుగుతారని కదూ? అడుగుతారు. జీతమెంత, సొంతిల్లా అద్దిల్లా, రెండోవాళ్లు ఎప్పుడు... ఈ చివరిది మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది, నేనెరుగుదును. దానికి తలుపు మూసుకోవడం మందు కాదు. మాట మళ్లించడం నేర్చుకో. "ఆ దేవుడి దయ పిన్నిగారూ, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అను. వాళ్ల బాధ అడిగేవాళ్లు లేకే చాలామంది మన బాధ తవ్వుతుంటారు. మళ్లీ మళ్లీ అదే అడిగితే, "ఆ విషయం అడిగితే నాకు కష్టంగా ఉంటుందండీ" అని మెత్తగా ఒక్కసారి చెప్పెయ్. పెద్దావిడే అయినా అర్థం చేసుకుంటుంది. మూడోవాళ్ల ఇంటి సంగతులు మన దగ్గరికి వస్తే మటుకు అక్కడే వదిలేసి రా, ఇంకో గుమ్మానికి మోయకు.

ఇక కొట్ల సంగతి. సరుకులు ఫోన్‌లో తెప్పించుకోవద్దని నేననను. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరేదానికి అది ఎంత సాయమో నాకు తెలియదా? కానీ కొన్ని పనులు వీధికే అట్టేపెట్టు. పూలు, ఇస్త్రీ, చీరలకు ఫాల్ కుట్టించడం, ఉప్పూ పప్పూ తెచ్చే పచారీ కొట్టు. వారానికి రెండుసార్లు సంచీ పట్టుకుని నడిచి వెళ్లు. ఎందుకంటావా? 2014 అక్టోబరు 12 గురించి విశాఖలో ఎవరినైనా అడుగు. హుద్‌హుద్ తుఫాను ఆ రోజు మా మీదే తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి కిటికీ అద్దాలు పగులుతుంటే, పిల్లల్ని పొదువుకుని హాలు మధ్యలో కూర్చున్నాం. తెల్లారి చూస్తే వీధినిండా కూలిన చెట్లు. కరెంటు లేదు, మోటారు లేక ట్యాంకులో నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. పర్సులో నూట యాభై రూపాయలున్నాయి. మా వీధి చివర కొట్టాయన షట్టరు సగం ఎత్తి, కొవ్వొత్తులూ బిస్కెట్లూ బియ్యమూ ఇచ్చి, "డబ్బులకేం తొందర, రాసుకుంటాలే తల్లీ" అన్నాడు. చిట్టా పుస్తకంలో నా పేరు వెతకాల్సిన పనే లేదు ఆయనకు, రెండేళ్లుగా చూస్తున్న ముఖం కదా! కింది ఇంటివాళ్ల గ్యాస్ అయిపోతే మూడు రోజులు మా పొయ్యి మీదే రెండిళ్లకూ వండాం. ఆ వారంలో దగ్గరైనవాళ్లు ఇప్పటికీ దగ్గరే.

కూరలకు రైతుబజారుకు వెళ్లు. 1999 జనవరి 26న ఈ రైతుబజార్లు మొదలైనప్పుడు అనుకున్నది ఒక్కటే, పండించినవాళ్లే మధ్యలో దళారీ లేకుండా మనకు అమ్మాలని. రేట్లు బోర్డు మీద రాసే ఉంటాయి, బేరమాడే బెంగ లేదు. ఆకుకూరలు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. చిల్లర తీసుకెళ్లడం మర్చిపోకు. మా ఎంవీపీ రైతుబజారుకు ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి వస్తారు. "ఏ ఊరమ్మా మీది?" అని ఒక్కసారి అడిగి చూడు, మర్నాటి నుంచి లేత బెండకాయలు నీకోసం పక్కన పెడతారు. మాట యాస వేరని జంకకు. నువ్వు సొరకాయ అంటే ఇక్కడ ఆనపకాయ అంటారు, చామగడ్డ అంటే చేమదుంప తీసిస్తారు. మా పక్క ఫ్లాట్‌లో కరీంనగర్ అమ్మాయి పుంటికూర ఉందా అని అడిగి అడిగి, చివరికి ఎదురుగా ఉన్న గోంగూర కట్టను చూసి నవ్వింది. కూరలమ్మి ఇప్పటికీ ఆ పిల్లను "పుంటికూర పాప" అనే పిలుస్తుంది, ఎంత ప్రేమగానో!

సంక్రాంతి వస్తోందంటే మనకు మళ్లీ రెండు దిగుళ్లు. ఒకటి టికెట్టు, రెండోది వంటిల్లు. టికెట్టు సంగతి తేలికే. రిజర్వేషన్ 120 రోజుల ముందు చేసుకునే వీలుండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. అంటే జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13న పొద్దున 8 గంటలకు చేతిలో ఫోన్ సిద్ధంగా ఉండాలి. ఆ కాసేపు పాలపొంగు చూసే పని మీవారికి అప్పజెప్పు. పగటి రైలైతే పిల్లలకు బాగుంటుంది. మేం మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కుతాం. అనకాపల్లి, తుని, సామర్లకోట దాటి రాజమండ్రి వచ్చేసరికి పిల్లల్ని లేపి కిటికీ దగ్గర కూర్చోబెడతాను. గోదావరి మీదకు రైలు ఎక్కగానే పెట్టెలో మాటలన్నీ ఆగిపోతాయి, పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన పాత హేవలాక్ వంతెన అక్కడే నిలబడి ఉంటుంది. మా నాన్న దాని మీద ప్రయాణాలు చెబుతుంటే వినేదాన్ని. ఇప్పుడవి నేను పిల్లలకు చెబుతున్నాను.

వంటింటి దిగులు మాత్రం మనసులో దాచుకోకు. నలభై మంది చేరిన ఇంట్లో నలుగురు ఆడవాళ్లే పొయ్యి దగ్గర మగ్గిపోతే అది పండగెలా అవుతుంది? గట్టిగా చెప్పు, అలిగి కాదు, నవ్వుతూ. మా ఇంట్లో అరిసెలప్పుడు బియ్యం నానబెట్టేది, పాకం చూసేది అత్తమ్మ. కొత్త బియ్యం ఊళ్లోవి, బెల్లం అనకాపల్లిది, అది నేను తీసుకెళ్తాను. పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టిందా, ఇక పిండి పోసి కలపడానికి రెక్కల బలం కావాలి. తెడ్డు మా మరిది చేతికిచ్చాం. మొదటి ఏడాది సిగ్గుపడ్డాడు. ఇప్పుడు అతను లేకుండా పాకం పెడితే ఊరుకోడు.

ఫొటోల సంగతీ వినేసెయ్. మన పండగ ఫొటోలన్నీ తిరగేసి చూడు, వంటింట్లో ఉన్న పిన్ని ఒక్కదాంట్లోనూ ఉండదు. భోగిపళ్లు పోసేటప్పుడు తీయించు. రేగిపళ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు పిల్లల తలల మీంచి జారుతుంటే అందరూ ఎలాగూ హాల్లోనే ఉంటారు. గారెల మూకుడు పది నిమిషాలు దించి పెట్టమను. పిన్నిని చెయ్యి పట్టుకుని మధ్యలో నిలబెట్టు. మా పెద్దత్త పోయాక ఆల్బమంతా వెతికితే ఆవిడ భుజం, చీర కొంగు మాత్రమే దొరికాయి. ఆ దుఃఖం మనకొద్దు చెల్లీ.

తిరిగొచ్చేటప్పుడు అరిసెల డబ్బా మొత్తం నీ ఇంట్లోనే ఖాళీ చేయకు. ఎదురింటికి నాలుగు, కొట్టాయనకు నాలుగు, ఇస్త్రీ బండి దగ్గర అన్నకూ, వాచ్‌మన్ భార్యకూ రెండేసి. పది పదిహేను రోజులు నిలవుంటాయి కాబట్టి తీరిగ్గానే పంచు, కానీ నువ్వే స్వయంగా వెళ్లు.

టీ చల్లారిపోయింది, ఇలా ఇవ్వు, వేడి చేసి ఇస్తాను. ఊఁ, వద్దులే. టైమెంతయింది? ఐదు కూడా కాలేదు, దీపాలు పెట్టడానికి ఇంకా గంట ఉంది. ముఖం కడుక్కో, జుట్టు దువ్వుకో. అదిగో ఆ చిన్న స్టీలు గిన్నె తీసుకుని వెళ్లి ఎదురింటి బెల్లు కొట్టు.