ఉప్పు పడకముందే పిట్ట వాటా
పశువైద్యుడి ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: మాది రఘునాథపల్లి. పిల్లలు అడుగుతున్నరని మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక జత లవ్ బర్డ్స్ తెచ్చిచ్చిండు. ఒకటి పచ్చది, ఒకటి నీలంది, మెడ మీద నల్ల గీతలున్నయి. ఆర్నెల్లుగా షాపులో ఇచ్చిన గింజలే వేస్తున్నం. అన్నం వేస్తే ముట్టవు. ఇంట్లో ఏం చేసి పెట్టొచ్చు? ఎంత పెట్టాలె?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ఉన్నవి లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. మన దగ్గర అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అందరూ అలాగే పిలుస్తారు. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది, తోక పొట్టి. బడ్జీ ఆస్ట్రేలియాది, తోక పొడుగు. పేరు ఊరికే సరిచేయడం లేదు. ఆస్ట్రేలియా మెట్ట మైదానాల్లో ఈ పిట్ట గడ్డి గింజల మీద బతుకుతుంది. ఎండి రాలినవే కాదు, కంకిలో పాలు పట్టిన పచ్చి గింజలూ తింటుంది. మీరు వేస్తున్నది ఒక్క ఎండుదే.

ఎండు గింజల్లో పిండి ఉంటుంది, పొద్దుతిరుగుడు కలిస్తే నూనె ఉంటుంది. విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం చాలదు. విటమిన్ ఎ తగ్గితే ముక్కు, నోరు, శ్వాసనాళాల లోపలి పొర మొద్దుబారుతుంది, ఇన్ఫెక్షన్ సులువుగా పడుతుంది. నోట్లో తెల్ల మచ్చలు, ముక్కు కారడం అప్పుడే మొదలవుతాయి. కొవ్వు గింజలు ఎక్కువైతే కాలేయం పాడవుతుంది. గిన్నె నిండా గింజలున్నా పిట్ట ఆకలితో ఉన్నట్టే లెక్క.

ఇక ఎంత పెట్టాలో చెప్తాను. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు, కోడిగుడ్డు కంటే తక్కువ. రోజుకు ఒకటిన్నర, రెండు టీ చెంచాల గింజలు తింటుంది. ఇంత ప్రాణికి వేరే వంట దేనికి? పొద్దున మీరు కూర తరిగేటప్పుడే, ఉప్పూ కారం నూనె తగలకముందే, దాని వాటా పక్కకు తీయండి. రెండు రెబ్బల మునగాకు, తోటకూర, కొత్తిమీర, సన్నగా కోరిన క్యారట్, ఆవిరికి మెత్తబడిన గుమ్మడి ముక్క ఏదైనా సరే. ఉడికిన పెసర్లు నాలుగు వేయొచ్చు. ఒక్కో పిట్టకు రోజుకు ఒక టీ చెంచా కలగూర చాలు. పండ్లు వారానికి రెండు మూడు సార్లు చిన్న ముక్క. జామ, బొప్పాయి మంచివి. ఆపిల్ పెడితే గింజలు తీసేయండి.

అన్నిటికంటే మంచిది మొలకెత్తిన కొర్ర. ఇక్కడ రెండు జాగ్రత్తలు. కిరాణాలో దొరికే కొర్ర బియ్యానికి పొట్టు తీసేస్తారు, అది మొలవదు. పొట్టుతో ఉన్న కొర్రలు కావాలి. అట్లని విత్తనాల దుకాణానికి పోకండి. గులాబీ, నీలం రంగు పూసిన విత్తనం మందు పట్టించినది, పిట్టకు విషం. తిండికని పండించిన రైతు దగ్గర ఒక శేరు తెచ్చుకుంటే చాలా రోజులు వస్తాయి. పంజరంలో వేలాడదీయమని పెద్ద షాపుల్లో అమ్మే మిల్లెట్ కంకి కూడా మన కొర్ర కంకే. దానికి అంత ధర పెట్టి కొనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

రెండు చెంచాల కొర్రలు కడిగి రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్లు వంపి జల్లెడలో పరిచి తడిగుడ్డ కప్పండి. రోజుకు మూడుసార్లు కడగండి. తెల్ల మొన కనిపించగానే పెట్టేయాలి, పొడుగు మొలక అక్కర్లేదు. వాసన చూడండి: పచ్చి గింజ వాసన వస్తే సరే, పులుపో ముక్కవాసనో తగిలితే పారేయండి. మన ఎండల్లో తడి తిండి ఏదైనా గంటన్నర దాటితే గిన్నెలో ఉంచొద్దు.

ఆకుకూర ఎక్కడిదో కూడా చూడండి. మీ చుట్టూ పత్తి చేలున్నాయి. పత్తి గట్టున పెరిగిన తోటకూర మీద మందు పడి ఉంటుంది, మనిషికి కడుపు నొప్పి తెచ్చేంత కూడా కాకపోయినా ముప్పై గ్రాముల పిట్టకు అదే చాలు. పెరట్లోది వాడండి, అయినా కడిగే వాడండి.

మొదట ముట్టవు. గింజ తప్ప తిండి అని తెలియని పిట్టలు అవి. రాత్రి గింజల గిన్నె తీసేసి, తెల్లవారగానే తడి ఆకును పంజరం ఊచలకు కట్టండి. రెండు గంటల తర్వాత గింజలు ఇవ్వండి. ఆకలికి మాడ్చితే దారికొస్తాయని మాత్రం అనుకోవద్దు. ఇంత చిన్న ప్రాణి ఒక రోజు తిండి లేకుంటేనే నీరసించి చావొచ్చు. నెల పట్టినా ఓపిక పట్టండి. మీరు దాని ఎదుట ఆకు నమిలితే ఇంకా తొందరగా నేర్చుకుంటుంది, పిల్లలకు ఆ పని అప్పజెప్పండి.

ప్రశ్న: గుడ్డు ఉడకబెట్టి పెడితే బలమని విన్నాను. రోజూ పెట్టొచ్చా? మా ఆడ పిట్ట రెండుసార్లు గుడ్లు పెట్టింది.
– జనగామ

జవాబు: రోజూ వద్దు. గుడ్డు, మొలకలు బాగా అందితే పిట్ట ఒంటికి అది పిల్లలు తీసే కాలమని అనిపిస్తుంది. గుడ్లు పెడుతూనే పోతుంది. పది నిమిషాలు గట్టిగా ఉడికించిన గుడ్డును చిదిపి, అర చెంచా, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పిల్లలున్నప్పుడు పెంచండి. ఉడికిన పెంకును ఎండబెట్టి పొడి చేసి చిటికెడు కలపండి. లేదా ఆయుర్వేద మందుల దుకాణంలో సముద్రపు నురుగు అడగండి. షాపులో కటిల్ బోన్ పేరుతో అమ్మేదీ అదే. పొట్ట ఉబ్బి, ఈకలు పొంగించి, పంజరం అడుగున కూర్చుని ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడిందని అర్థం. అప్పుడు ఇంటి వైద్యం వద్దు. వెచ్చగా ఉంచి వెంటనే తీసుకెళ్లండి. మీకు అటు మామునూరు, ఇటు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలున్నాయి. పక్షులను చూసే డాక్టరు ఉన్నారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: పాలకూర పెట్టిన రోజే రెండు పిట్టలూ అరగంటలో చనిపోయాయి. పంజరం వంటింట్లో కిటికీ పక్కన ఉండేది. పాలకూర విషమా?
– స్టేషన్ ఘన్‌పూర్

జవాబు: పాలకూర అలా చంపదు. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి రోజూ వద్దంటాను, అంతే. మీ ఉత్తరం చివర నాన్‌స్టిక్ పెనం మాడిపోయిందని రాశారు. నా అనుమానం దాని మీదే. ఆ పూత విపరీతంగా వేడెక్కితే వచ్చే పొగ మనకు దగ్గు తెప్పిస్తుంది, పక్షి ఊపిరితిత్తులను నిమిషాల్లో కాల్చేస్తుంది. పంజరం వంటింట్లో ఉండకూడదు. పిట్ట వాటా వంటింట్లో తీయండి, పిట్టను మాత్రం ముందు గదిలోనో వరండాలోనో ఉంచండి. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి ఏ గదిలో పెట్టినా ప్రమాదమే. బూజు పట్టిన పల్లీ, మక్కజొన్న కూడా. ఆ బూజు విషం ఉడికించినా పోదు.

ప్రశ్న: మా రామచిలుక పచ్చిమిరపకాయలు ఇష్టంగా తింటుంది. కడుపు మండదా?
– పాలకుర్తి

జవాబు: మండదు. మిర్చి కారం మనకు తెలిసినట్టు పక్షులకు తెలియదు. కానీ రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానికి ఏం పెట్టాలో నేను చెప్పను. అటవీశాఖ వాళ్లకు అప్పగించండి. రెక్కలు కత్తిరించి ఉంటే మీరే వదిలేయకండి, కుక్కల పాలవుతుంది.

ప్రశ్న: కోడలు గర్భవతి. ఇంట్లో పిట్టలుంటే ప్రమాదమా?
– రఘునాథపల్లి

జవాబు: పిట్టను ఇంట్లోంచి పంపేయాల్సిన పని లేదు, పంజరం శుభ్రం చేసే పని మాత్రం ఆమెకు వద్దు. ఎండిన రెట్ట దుమ్ముతో సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మనుషులకు సోకవచ్చు. ఎవరు చేసినా నీళ్లు చల్లి తడిపి, మాస్కు కట్టుకుని తుడవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వస్తే డాక్టరుకు పిట్టలున్న సంగతి చెప్పండి. అడగరు కాబట్టి మీరే చెప్పాలి.