నల్లరేగడిలోని సున్నపు గడ్డలు ఎట్లు పుట్టినవి?



తాండూరు ప్రాంతమున నల్లరేగడిలో బావి త్రవ్వినపుడు శనగగింజ మొదలు నిమ్మకాయ వరకు పరిమాణము గల తెల్లని గడ్డలు మీరు చూచియుందురు. వానిని ఏరి గట్టున పారవేయుట మన అలవాటు. ఈసారి పారవేయుటకు ముందు ఒక గడ్డను మెత్తగా దంచి, ఆ పొడిమీద నిమ్మరసము పిండి చూడుడు. సన్నని బుడగలు లేచును. అది బొగ్గుపులుసు వాయువు. ఆ గడ్డ పుట్టుక కథ అంతయు ఈ వాయువులోనే ఉన్నది.

వాననీరు నేలలోనికి దిగునపుడు, వేళ్ళును సూక్ష్మజీవులును విడిచిన బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పముగా పులియును. నేలలోని గాలిలో ఈ వాయువు బయటిగాలిలోకంటె పదుల రెట్లు ఎక్కువగా ఉండగలదు. పులిసిన నీరు సున్నమును కరగించుకొని పోవును. తరువాత నీటినుండి వాయువు తప్పించుకొనినను, నీరు ఆవిరియైనను, వేళ్ళు నీటిని త్రాగివేసినను సున్నము మరల గట్టిపడును. నీళ్ళు కాచెడి బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టుట చూడలేదా? అదియు ఇట్టిదే.

ఊటలవద్ద, వేడినీటి బుగ్గలవద్ద ఇదే జరిగినచో రాయి పొరలు పొరలుగా పేరుకొనును. దానిని ట్రావర్టీను అందురు. రోము నగరములోని కొలోసియము బయటిగోడలు తివోలివద్ద తీసిన ఈ రాతితో కట్టినవే. మన పొలములోని గడ్డ దానికి తమ్ముడు వంటిది. తాండూరు బండ మాత్రము అట్టిది కాదు. అది కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు బురద.

గడ్డ ఏ వాయువుతో పుట్టినదో శాస్త్రజ్ఞులు కర్బనపు బరువునుబట్టి చెప్పగలరు. కర్బనములో 12 బరువుగలది, 13 బరువుగలది అను రకములున్నవి. జొన్న, సజ్జ, మొక్కజొన్న వంటి పైరులలో బరువు రకము కొంచెము ఎక్కువ. కంది, ప్రత్తి, అడవిచెట్లలో తక్కువ. వాని వేళ్ళు విడిచిన వాయువుద్వారా ఆ తేడా గడ్డలోనికి ఎక్కును. కావున ఒక పాత గడ్డను పరీక్షించి, అప్పుడు ఆ నేలపై గడ్డిభూమి ఉన్నదో అడవి ఉన్నదో ఊహింపవచ్చును. ట్రావర్టీనులో అయితే వాయువు భూగర్భమునుండి వచ్చినదా, పైమట్టినుండి వచ్చినదా అనునది తెలియును. యురేనియము థోరియముగా మారిన పాలును కొలిచి, సుమారు 5 లక్షల సంవత్సరముల వరకు వయస్సు కట్టుదురు.

వికారాబాదు వద్ద అనంతగిరి కొండలపై ఎఱ్ఱని జేగురురాయి ఉన్నది. అక్కడ యుగయుగముల వానలు సున్నమును కడిగివేసి, ఇనుమును, అల్యూమినియమును మిగిల్చినవి. తాండూరు రేగడిలో సున్నము బయటికి పోక లోపలనే నిలిచినది. ఒకే జిల్లాలో ఇంత తేడా ఉండగా, ఇరుగుపొరుగువారి ఎరువు పద్ధతిని కండ్లు మూసుకొని అనుసరించుట తగదు.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఇట్టి నేలలలోనిదే. అయినను సున్నము మితిమీరినచో చిక్కులున్నవి. ఇనుము, జింకు నేలలో ఉండియు పైరుకు అందవు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో ఇనుపధాతు లోపమని అనుమానింపవలెను. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లవలెను. భాస్వరము సున్నముతో బిగిసిపోవును గనుక, పొలమంతట వెదజల్లక సాలులో వేయుట మేలు.

ఇంతకంటె కనబడని నష్టము మరియొకటి గలదు. కాల్షియము సున్నముగా గట్టిపడినకొలది మట్టిని పట్టియుండు సోడియము పాలు పెరుగును. అప్పుడు అడుగుమట్టి బిగిసి నీరు ఇంకదు. కందివేరు ఊపిరాడక పైరు దెబ్బతినును. పైమట్టి మాత్రమే పరీక్షకు పంపిన ఈ సంగతి బయటపడదు. ఒక అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతులలో వేరువేరుగా మట్టి తీసి పంపుడు. గ్రామాధికారులు ఈ మాట రైతులకు ప్రత్యేకముగా చెప్పవలెను. జిప్సము ఎంత వేయవలెనో ఆ ఫలితమును చూచియే నిర్ణయింపవలెను. ఈ నేలలకు సున్నము తోలుట డబ్బు దండుగ.

బోరునీటితో బిందుసేద్యము చేయువారికి గొట్టపు రంధ్రములవద్ద కట్టెడి తెల్లపెచ్చుకూడ ఇట్టి సున్నమే. దానిని ఆమ్లముతో కడుగునపుడు వ్యవసాయ విస్తరణ అధికారి చెప్పిన పాళ్ళనే వాడుడు. ఆమ్లమును నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు.