మన వెబ్‌సైట్ వెతికేవారికి దొరకాలంటే

దాతలైన పెద్దలకు, సోదర సోదరీమణులకు ఒక లెక్క చెప్పాల్సి ఉంది. మూడేళ్ల క్రితం మీరిచ్చిన డబ్బులోంచే కొంత తీసి మన సొసైటీకి వెబ్‌సైట్ చేయించాం. ఆవిష్కరణ రోజున చప్పట్లు కొట్టాం, వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపాం, ఫోన్లలో తెరిచి చూసుకుని మురిసిపోయాం. ఆ తర్వాత దాన్ని ఎవరు చూస్తున్నారో మేమూ పట్టించుకోలేదు, మీరూ అడగలేదు. పట్టించుకోవాల్సి వచ్చిన సందర్భం చెప్పి పాఠంలోకి వెళ్తాం.

విస్సన్నపేట వైపు ఒక పల్లెటూరి కుర్రాడు. తండ్రిని విజయవాడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేస్తూ, రాత్రిళ్లు ఆక్సిజన్ పెట్టాలని డాక్టర్లు చెప్పారు. కుర్రాడు ఫోను తీసి వెతికాడు. విజయవాడలో మిషన్లు అద్దెకిచ్చేవాళ్ల నంబర్లు వచ్చాయి. అడ్వాన్సు కట్టి, బండిలో వేయించుకుని తెచ్చుకున్నాడు. తొమ్మిది రోజుల అద్దె కట్టాక, జుమా రోజు మసీదు దగ్గర మాటల్లో తెలిసింది, తిరువూరులో మన సొసైటీ గదిలో అలాంటి మిషన్లు రెండు ఉన్నాయని, పైసా తీసుకోకుండా ఇస్తామని. వచ్చి ఒకటి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "మీకు వెబ్‌సైట్ ఉందంట కదండీ, నాకెందుకు కనపడలేదు?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ రాత్రే కమిటీ వాళ్లం నలుగురం కూర్చుని చూశాం. అతను గూగుల్‌లో కొట్టింది "ఆక్సిజన్ మిషన్ రెంట్ తిరువూరు" అని, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. మన సైటులో ఆ పేజీకి పెట్టిన పేరు "సేవలు". లోపల ఉన్నది ఒక పోస్టరు బొమ్మ. ఆ బొమ్మ మీద "ప్రాణవాయు పరికరముల ఉచిత పంపిణీ పథకము" అని అందమైన అక్షరాలు. అతను వాడిన నాలుగు మాటల్లో ఒక్కటి కూడా మన పేజీలో లేదు. "ఉచితం" అని మనం రాసుకున్నాం. ఉచితంగా దొరుకుతుందని తెలియనివాడు "అద్దె" అనే వెతుకుతాడు కదా. అది మాకు తట్టనే లేదు.

గూగుల్ చూసేదేమిటి?

గూగుల్ అప్పటికప్పుడు లోకమంతా తిరిగి మనకు జవాబు తేదు. దాని ప్రోగ్రాములు లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ముందుగానే తిరుగుతూ, చదివినదాన్ని జాబితాలో ఎక్కించి పెడతాయి. మనం అడిగినప్పుడు ఆ జాబితాలోంచి తీసి, ఏది ముందు ఏది వెనక అని వరస పెడుతుంది. ఈ వరసకు మూలమైన ఆలోచన 1998 నాటిది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకులను ఓట్లలాగా లెక్కపెట్టారు. పెద్ద పేజీ ఇచ్చిన ఓటుకు విలువ ఎక్కువ. బస్టాండులో దిగి మంచి హోటలు ఎక్కడని అడిగితే నలుగురూ ఒకే వైపు చెయ్యి చూపించినట్టు. ఇప్పుడు ఆ లెక్కలో ఇంకా ఎన్నో చేరాయి గానీ, మొదటి మెట్టు మారలేదు. పేజీలో ఆ మాటలు అక్షరాలుగా ఉండాలి.

తెలుగువాళ్లకు ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది, ఇప్పటికీ తగులుతోంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు ఉంది. అయినా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు మొదట్లో చాలాకాలం ఎవరి ఫాంటు వారే వాడుకున్నాయి. కంటికి తెలుగు కనిపించేది, లోపల ఉన్నవి మాత్రం వేరే సంకేతాలు. అందుకే అప్పటి ఈనాడు వార్తను కూడా గూగుల్‌లో తెలుగులో వెతికి పట్టుకోలేకపోయేవాళ్లం. వెన్న నాగార్జున గారు అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చే "పద్మ" అనే పనిముట్టు చేశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో పెరగబట్టే, ఈ రోజు ఏ ఊరి పేరు తెలుగులో కొట్టినా ముందు వరసలో కనిపిస్తుంది. పత్రికలు ఆ తర్వాత మారాయి. మన సావనీర్లు మారలేదు. ఈ పుస్తకం కూడా డీటీపీ సెంటరులో అను ఫాంటుతోనే తయారవుతుంది. దాన్ని పీడీఎఫ్ చేసి సైటులో పెడితే మనుషులకు తెలుగు, గూగుల్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. అనుమానముంటే అలాంటి పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. పాత సావనీర్లలో ఉన్న సహాయాల వివరాలు, ఊరి పెద్దల జ్ఞాపకాలు అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి.

రెండో చిక్కు ఊరి పేరు. తెలుగులో తిరువూరు ఒక్కటే. ఇంగ్లీషులో కొందరు "టి" తర్వాత "హెచ్" పెడతారు, కొందరు పెట్టరు. చివర "యు" కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. కాస్త అటూ ఇటూ అయితే గూగుల్ మనల్ని తమిళనాడులోని తిరువారూరుకో, తిరువళ్లూరుకో తీసుకుపోతుంది. జిల్లా పేరు సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా. అయినా కృష్ణా జిల్లా అనే అలవాటు నోటికీ పోలేదు, వేలికీ పోలేదు. అందుకని చిరునామా పేజీలో ఒక మామూలు పేరా రాశాం: ఊరు, ఆ రెండు స్పెల్లింగులు, "పూర్వపు కృష్ణా జిల్లా" అన్న మాట, విజయవాడ నుంచి మైలవరం మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి, చుట్టుపక్కల గంపలగూడెం, విస్సన్నపేట, ఏ.కొండూరు, రెడ్డిగూడెం మండలాలు. సాయం ఎక్కడివరకు అందుతుందో చెప్పే పేరా కనుక చదివేవాడికీ అది పనికొస్తుంది. అంతేగాని ఊరి పేరును యాభైసార్లు పేజీ అడుగున తెల్లరంగులో దాచిపెట్టడం పాతకాలపు మోసం, గూగుల్ పట్టేస్తుంది. పేజీ వెనక "కీవర్డ్స్" అని నింపే గడిని వరస పెట్టడానికి వాడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దాన్ని నింపి బిల్లు వేసేవాళ్లున్నారు.

బిల్లు అంటే గుర్తొచ్చింది. నెల రోజుల్లో మొదటి పేజీలో నిలబెడతామన్న ఒకరికి మేమూ డబ్బు కట్టాం. వాళ్లు చేసిందల్లా, ఎక్కడెక్కడివో సంబంధంలేని సైట్లలో మన లింకు అతికించడం. ఇలా కొన్న ఓట్లను ఏరేయడానికే 2012 ఏప్రిల్‌లో గూగుల్ "పెంగ్విన్" అనే మార్పు తెచ్చింది. అది తెలిసేసరికి డబ్బు పోయింది. ఆ మొత్తాన్ని దాతల ఖాతాలో చూపించకుండా కమిటీ సభ్యులం మా జేబుల్లోంచి సర్దాం.

పైసా ఖర్చులేని పనులు రెండు ముందే చేయాల్సింది. ఒకటి, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేయడం. జనం ఏ మాటలు కొట్టినప్పుడు మన పేజీ కనిపించిందో, ఎందరు నొక్కారో 16 నెలల వరకు అది చూపిస్తుంది. రెండోది, గూగుల్ మ్యాప్‌లో సొసైటీ గదిని నమోదు చేసి, తెరిచి ఉండే వేళలు, ఫోను నంబరు పెట్టడం. పల్లె నుంచి రాత్రివేళ వెతికేవాడికి వెబ్‌సైట్ కన్నా ముందు మ్యాప్‌లోని ఆ ఫోను గుర్తే కనిపిస్తుంది. ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ల ఇళ్లనుంచి వచ్చే ఫోన్లు చాలావరకు అలా వస్తున్నవే.

దండోరా వేరు, బోర్డు వేరు

సోషల్ మీడియా చేసేది దండోరా పని. వేసిన పూట, విన్నవాళ్లకే. వాట్సాప్‌లో మాటలు గూగుల్‌కు కనపడవు. ఫేస్‌బుక్‌లో పెట్టిన లింకును ఓటుగా లెక్కిస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. అలాగని దండోరా అక్కర్లేదనడం లేదు. రక్తం కావాలన్నా, జనాజా వేళ చెప్పాలన్నా అదే దారి. కానీ మేము ఇన్నాళ్లూ ప్రతి పోస్టరునూ అవే గ్రూపుల్లో, అవే మనుషులకు పంపుతూ ప్రచారం చేస్తున్నామనుకున్నాం. నకిలీ వార్తల గొడవల తర్వాత 2018 నుంచి మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డు చేయనివ్వడం లేదు. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే చాలా చేతులు మారినదైతే ఒక్కసారికి ఒక్క చాటుకే వెళ్తుంది. ఇక పోస్టరు బొమ్మలో క్యూఆర్ కోడు మార్చి తిప్పడం ఎవరికైనా అరనిమిషం పని. అందుకే ఇప్పుడు పోస్టరు మీద క్యూఆర్ పెట్టడం మానేసి, పేజీ లింకు మాత్రమే పంపుతున్నాం. లింకు పంపినప్పుడు పైన కనిపించే చిన్న బొమ్మ, శీర్షిక పేజీలోంచే వస్తాయి కనుక వాటిని ఒకసారి సరిచేస్తే చాలు.

వేళ కూడా ముఖ్యం. జకాత్ లెక్క గురించి వెతకడం రంజాన్‌లో ఒక్కసారిగా పెరుగుతుంది. కొత్త పేజీని గూగుల్ చదివి, నమ్మి, పైకి తేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రంజాన్ నెలవంక చూశాక పేజీ రాస్తే ఈద్ వెళ్లాక పైకొస్తుంది. పైగా రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందుకని జకాత్ పేజీని రజబ్ నెలలోనే సిద్ధం చేయాలని, ఏటా కొత్తది పెట్టకుండా అదే చిరునామాలో ఉన్నదాన్నే దిద్దాలని నిర్ణయించాం. పాత చిరునామాకు వచ్చిన ఓట్లు అలాగే ఉంటాయి.

ఫోటోల విషయంలో మేము చేసిన తప్పును దాచుకోలేం. నాలుగు లైకులు ఎక్కువొస్తాయని, రేషన్ కిట్లు తీసుకునేవాళ్ల ఫోటోలు పెట్టేవాళ్లం. ఒక వితంతు సోదరి ఫోటో చాలా దూరం తిరిగింది, ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్న ఇంటిదాకా. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరుసటి రంజాన్‌కు కిట్టు తీసుకోవడానికి రాలేదు, అంతే. గుప్తంగా ఇచ్చే దానం గొప్పతనం మీకు మేము చెప్పాల్సిన పని లేదు. ఇచ్చేవారి పేరు దాచమని అడిగే దాతలు మనలో ఎందరో ఉన్నారు. పుచ్చుకునేవారి ముఖం దాచాలన్న ఆలోచన మాకు ఎందుకు రాలేదో! వెబ్‌సైట్ ఈ విషయంలో ఇంకా ప్రమాదం. ఫేస్‌బుక్ పోస్టు నాలుగు రోజుల్లో కిందికి పోతుంది. పేరుతో సహా పేజీలో ఎక్కితే, పదేళ్ల తర్వాత ఆ పిల్ల పేరు కొట్టినా బయటపడుతుంది. ముఖాలున్న ఫోటోలన్నీ తీసేశాం. ఇప్పుడు మిషన్ ఫోటో, దాని పక్కన నాలుగు మాటల్లో వివరం. వెతికేవాడికి కావాల్సిందీ అదే.

డబ్బు సంగతి ఒకటి. గూగుల్ సేవాసంస్థలకు "యాడ్ గ్రాంట్స్" కింద నెలకు 10,000 డాలర్ల విలువ వరకు సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. రిజిస్టరైన సొసైటీలు అర్జీ పెట్టుకోవచ్చు, బడులకు, ఆసుపత్రులకు లేదు. వినగానే ఎగిరి గంతేశాం. తర్వాత షరతులు చదివాం. ప్రకటన కనిపించిన ప్రతి వందసార్లలో కనీసం ఐదుసార్లు జనం నొక్కాలి. వరుసగా రెండు నెలలు తగ్గితే ఖాతా ఆగిపోవచ్చు. నొక్కినవాడికి సరైన పేజీ లేకుండా ప్రకటన ఎందుకు? పేజీలు కుదిరాకే అడుగుదామని ఆగాం. ఇందులో తొందర వద్దన్నది మా అభిప్రాయం, కమిటీలో ఒకరిద్దరు ఒప్పుకోలేదు.

సైటు ప్రపంచమంతటికీ కనిపిస్తే విరాళం ఎక్కడినుంచైనా రావచ్చు. సౌదీలోనో, కువైట్‌లోనో పనిచేస్తున్న మన ఊరి సోదరుడు భారత పౌరుడుగా తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న సోదరుడు పంపితే, పుట్టింది తిరువూరులోనే అయినా, ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేకుండా మనం తీసుకోకూడదు. మనకు ఆ అనుమతి లేదు. విరాళం పేజీలో ఈ సంగతి మొదటి వరసలోనే రాశాం. దీన్నిబట్టి ఒక్క విరాళం తిరిగి పంపాల్సి వచ్చినా ఫరవాలేదు.

ఇప్పుడు మీ సాయం. మీలో దుకాణాలకు, కాలేజీలకు, క్లినిక్‌లకు సొంత సైట్లున్నవారు ఒక పేజీలో మన సొసైటీ పేరుతో లింకు ఇవ్వండి. ఊరివాళ్లు ఇచ్చే ఆ ఓటు, కొన్న వంద ఓట్లకంటే మేలు. పాత సావనీర్లను యూనికోడ్‌లోకి మార్చేందుకు ఇద్దరు విద్యార్థులు మగ్రిబ్ తర్వాత గదిలో కూర్చుంటున్నారు. ఇంకో కంప్యూటరు కావాలి. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, పక్కన పుస్తకం పెట్టుకుని దిద్దగల పెద్దలు కావాలి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఆడవాళ్లను, పిల్లలను అడగండి: మంచం పట్టిన మనిషికి ఏదైనా వస్తువు కావాల్సివస్తే ఫోనులో ఏమని కొడతారు, లేదా మైకు నొక్కి ఏమని అడుగుతారు? ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి గదిలో ఇవ్వండి. ఉర్దూ కలిసినా, తప్పులున్నా దిద్దవద్దు.

ఆక్సిజన్ పేజీ పేరు మార్చి, ఆ కుర్రాడి మాటలతోనే తిరిగి రాశాం. ఇప్పుడు అతను కొట్టినట్టే కొడితే మన పేజీ మొదటి ఐదింటిలో వస్తోంది. వీల్‌చైర్ల పేజీ ఇంకా రావడం లేదు.