స్టూడెంట్ ఎడిషనా, ఫుల్ ఎడిషనా?

మన క్లబ్ పోస్టర్లు చేస్తున్నప్పటి నుంచి ఫస్టియర్ వాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "డిజైన్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ ఎడిషన్ చవగ్గా వస్తోంది కదా, అది సరిపోతుందా?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఎందుకంటే "స్టూడెంట్" అన్న మాటకి ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థం. అందుకే ధర చూసేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోమంటాను. (నా తెలుగులో ఇంగ్లిష్ ఎక్కువే దొర్లుతుంది, సర్దుకోండి.)

1. ఏమైనా ఫీచర్లు తీసేశారా?

అడోబీ స్టూడెంట్ ప్లాన్‌లో వచ్చే ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ అందరూ వాడేవే, కోత ఏమీ లేదు. కానీ కోరెల్ గతంలో అమ్మిన "హోమ్ అండ్ స్టూడెంట్" సూట్ సంగతి వేరు. అందులో సీఎంవైకే లేదు. స్క్రీన్ రంగులు వెలుతురుతో తయారవుతాయి, ప్రింట్ రంగులు నాలుగు ఇంకులతో. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద చప్పగా రావడానికి కారణం ఇదే. ఇన్‌స్టా పోస్టులకైతే ఫరవాలేదు. పత్రిక అచ్చు వేయించాలంటే మాత్రం సీఎంవైకే లేకపోవడం పెద్ద లోటు.

2. దాంతో సంపాదించుకోవచ్చా?

మనలో చాలామంది పెళ్లికార్డులు, షాపుల లోగోలు చేసి పాకెట్ మనీ తెచ్చుకుంటున్నారు. అడోబీ స్టూడెంట్ ప్లాన్‌తో అలాంటి పనికి అనుమతి ఉంది. ఆటోడెస్క్ ఎడ్యుకేషన్ లైసెన్స్‌కి లేదు. ఒకప్పుడు స్టూడెంట్ ఆటోక్యాడ్‌లో గీసిన డ్రాయింగ్ ప్రింట్ తీస్తే, ఇది ఎడ్యుకేషనల్ ప్రొడక్ట్‌తో చేసింది అని అంచున ముద్ర పడేది. అందులోంచి ఒక బొమ్మ కాపీ చేసి ఆఫీసు ఫైల్‌లో పేస్ట్ చేస్తే ముద్ర ఆ ఫైల్‌కి కూడా అంటుకునేది! తర్వాతి వెర్షన్లలో ముద్ర తీసేశారు, షరతు మాత్రం అలాగే ఉంది. కాబట్టి లైసెన్స్ మొత్తం చదవకపోయినా "కమర్షియల్ యూజ్" అన్న మాట వెతికి ఆ పేరా అయినా చదవండి.

3. కోర్సు అయిపోయాక ఏంటి?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2012లో వచ్చిన సీఎస్6 వరకు అడోబీ సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటే మన దగ్గరే ఉండేది. 2013లో కంపెనీ సబ్‌స్క్రిప్షన్‌కి మారింది. స్టూడెంట్ ప్లాన్‌లో మొదటి ఏడాది ధర తక్కువ, రెన్యూవల్‌కి పెరుగుతుంది. డిగ్రీ చేతికొచ్చాక ఆ డిస్కౌంట్ కూడా ఉండదు. అప్పుడు నాలుగేళ్ల డిజైన్లు మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, తెరిచే తాళంచెవి మాత్రం అద్దెది.

దీనికి విరుగుడు సింపుల్. పూర్తయిన ప్రతి డిజైన్‌నీ ఎస్‌వీజీ, పీడీఎఫ్‌గా కూడా సేవ్ చేసుకోండి. ఎస్‌వీజీ 2001 నుంచి ఉన్న ఓపెన్ స్టాండర్డ్, ఏ ఒక్క కంపెనీదీ కాదు. కొన్ని ఎఫెక్టులు సరిగ్గా రాకపోవచ్చు, అందుకే ప్లాన్ నడుస్తుండగానే తెరిచి చూసుకోవాలి.

4. తెలుగు సరిగ్గా పడుతుందా?

"స్త్రీ" అని టైప్ చేస్తే ఒత్తులు విడివిడిగా పడుతున్నాయా? అది ఎడిషన్ తప్పు కాదు, ఫుల్ వెర్షన్ కొన్నా అలాగే ఉంటుంది. ఫొటోషాప్ కొన్ని పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాల్సి వచ్చేది. ఇలస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయాలి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఓపెన్ లైసెన్స్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, డబ్బులు తీసుకునే పనికీ వాడొచ్చు. ప్రెస్‌కి పంపేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌గా మార్చండి. అక్కడ మన ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరదు. కానీ మార్చాక దిద్దడం కుదరదు కాబట్టి అసలు కాపీ ఒకటి దాచుకోండి.

మరి ఏది తీసుకోవాలి?

క్లబ్ పోస్టర్ల వరకే అయితే ఏదీ కొనక్కర్లేదు. ఇంక్‌స్కేప్, గింప్ ఉచితం, వాటిలో తెలుగు ఒత్తులు చక్కగా కలుస్తాయి. అచ్చుకి సీఎంవైకే కావాలంటే స్క్రైబస్ ఉంది. వీటికి స్టూడెంట్, ఫుల్ అన్న తేడానే లేదు. ఇంటర్న్‌షిప్‌లో అడోబీయే అడుగుతుంటే, పని పడిన ఏడాదికి స్టూడెంట్ ప్లాన్ తీసుకోండి. రెన్యూవల్ తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఫుల్ వెర్షన్ ఖర్చు క్లయింట్లు ఇచ్చే డబ్బులోంచే వస్తున్నప్పుడు దాని గురించి ఆలోచించొచ్చు.

హాస్టల్లో పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్ ఉంది కదా అంటారు. దాంతోపాటు ఏ మాల్వేర్ వస్తుందో తెలీదు, అదొకటి. ఇంకోటి, రేపు మనం బతకబోయేది కోడ్ రాసే. మన పనికి ఎవరైనా డబ్బు ఇవ్వాలని కోరుకునేవాళ్లం, ఇంకొకరి పనిని ఊరికే లాక్కుంటే ఎలా? కొనలేకపోతే ఇంక్‌స్కేప్ ఉందిగా. ఈ వీకెండ్ ఒక పాత పోస్టర్ అందులో మళ్లీ చేసి చూడండి. అది మీ పనికి సరిపోతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.