విజిల్ పక్కన జిరాక్సులు

అల్లుడా,

మహబూబాబాద్ జిల్లా హైస్కూల్లో పీఈటీగా చేరినవని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కబడ్డీ జట్టును సెలక్షన్లకు భూపాలపల్లి తీసుకుపోతున్నవట, అందుకే ఈ ఉత్తరం.

దెబ్బ తగిలినప్పుడు మెడ నొప్పన్నా, కాళ్లు తిమ్మిరన్నా పిల్లవాణ్ని లేపి కూర్చోబెట్టకు. నలుగురు ఎత్తి ఆటోలో వేయబోతే ఆపు. 108 వచ్చేదాకా తల కదలకుండా పట్టుకో. పసరు కట్టు కట్టిద్దామంటారు. ఎక్స్‌రే తీయకముందు ఒప్పుకోకు. మా కాలంలో పెద్ద దెబ్బ ఏదైనా వరంగల్ ఎంజీఎం తోవే. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి.

ఇక పైసల సంగతి. ‘ఏమైనా అయితే మాదే బాధ్యత’ అని తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకుంటం కదా, అది మన భయానికి మందు గాని పిల్లవాడి కాలికి కాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అయితే జాబితాలో ఉన్న చికిత్సకు, ఒప్పందం ఉన్న దవాఖానలోనే అది పనికొస్తుంది. కంగారులో ఎక్కడో చేర్పించి అడ్వాన్సు కట్టినంక కార్డు తీస్తే లాభం లేదు. ముందే ఆరోగ్యమిత్రను అడుగు. ప్రతి పిల్లవాడి రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు నీ సంచిలో విజిల్ పక్కనే ఉండాలె. ఆరోగ్యశ్రీ కుదరకుంటే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. దానికి అసలు బిల్లులు కావాలె, ఒక్కటీ పోనీయకు. 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా మీద ఆశ పెట్టుకోకు. దానికి 18 ఏళ్లు నిండాలె, పైగా అది చావుకూ వైకల్యానికే తప్ప ఆపరేషన్ ఖర్చుకు కాదు. భూపాలపల్లిలో తండ్రి సింగరేణి పర్మినెంటు కార్మికుడైతే కంపెనీ దవాఖాన చూసుకుంటది. పక్క పిల్లవాడి తండ్రి కూలీ అయితే? ఇద్దరూ ఒకే కోర్టులో పడ్డా తోవలు వేరు.

2021 మార్చిలో సూర్యాపేట జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల్లో గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడితే రాష్ట్రమంతా చూసింది. స్కూలు గ్రౌండులో ఒక్కడి మోకాలి లిగమెంటు తెగితే పేపర్లో కూడా రాదు. ఆపరేషన్ అయినా వాడు మళ్లీ కూతకు పోవాలంటే ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఫిజియోథెరపీకి తిరిగే బస్సు చార్జీ, వెంట వచ్చే తల్లికి పోయే కూలి ఏ కార్డూ ఇయ్యదు. జెర్సీలు కొనిచ్చే దాతలను ఆ డబ్బులో సగం దీనికి పక్కన పెట్టమని అడుగు. వీపు మీద పేరు పడదని కొందరు ఇయ్యరు. అయినా అడుగు.

ఇట్లు,
మామయ్య